మూడో గుంపు

ఆ రోజు పొద్దున ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. గడప పక్కన గోడకు ఆనుకుని వక్కాకు నములుతున్న అవ్వ కదిరమ్మ. పొయ్యి దగ్గర అమ్మ సోమక్క. మంచం మీద ఒక కాలు మడిచి, ఒక కాలు వేలాడేసి నాయన కొండప్ప. ముందురోజు సాయంత్రమే ధర్మవరం నుంచి వచ్చిన మేనత్త పాపమ్మ. ఒక జడ వేసుకుని, రెండో జడకు కట్టాల్సిన రిబ్బను పళ్ళ మధ్య పట్టుకున్న చెల్లెలు స్వప్న. హిందూపురం నుంచి మొదటి బస్సుకే వచ్చి సంకటి కంచం ముందు కూర్చున్న మేనమామ నాగరాజు. ఇక బియ్యం డబ్బా పక్కన, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని నీలావతి.

తగాదా అంతా నీలావతి గురించే. అయినా ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

పాపమ్మ అప్పటికే నీలావతి బట్టలు మూటకట్టి తలుపు దగ్గర పెట్టేసింది.

"ఇంగ తిరిగి తిరిగి అదే మాట యేల కొండా? మద్యాన్నం బస్సుకు పిలుచుకపోతా. ముందు కండెలు చుట్టేది నేర్చుకుంటాది, ఆమైన మగ్గం కాడ కూచుంటాది. మా వీధిలో ఇంటికొగ ఆడపిల్ల నేస్తాండాది. సచ్చిపోయినారా?"

"నేను వద్దంటినా అక్కా? దాని మేనమామ వచ్చినాడు కదా, ఒగ మాట అడుగుతాండా," అన్నాడు కొండప్ప.

అందరూ నాగరాజు వైపు చూశారు. నాగరాజు సంకటి ముద్దను ఊరిబిండిలో అద్ది, నోట్లో పెట్టుకోకుండా పట్టుకున్నాడు. చొక్కా జేబుకు కంపెనీ బిళ్ళ తగిలించుకున్నాడు. నడుముకు సెల్లు సంచి ఉంది.

"నన్నేమి అడుగుతావు బావా? నేను చెప్పిందేమన్నా ఉండాదా ఇందులో? మిషన్ చెప్పింది. మూడో గుంపు."

"దసరాకు మొదటి గుంపు అంటివే," సోమక్క పొయ్యి వైపు తిరిగే అన్నది. "హిందూపురం హాస్టల్ సీటు మన నీలకే అని రచ్చకట్ట కాడ చెప్పుకుంటివే."

"అప్పుడు మొదటి గుంపే అక్కా. కార్తీకంలో జారింది. నేను హిందూపురంలో కూచుని చూస్తానే ఉండా. దినదినమూ కిందికే. బాయిలో బొక్కెన దిగినట్ల దిగిపోయింది." నాగరాజు గొంతు తగ్గించాడు. "ఆ వయసు అట్లాంటిది. పెద్దమనిషైనాక ఆడపిల్లోళ్ళకు బుర్ర నిలకడగా ఉండదు. మా కంపెనీ సార్లు గూడా అదే అంటారు."

నీలావతి గడ్డం మోకాళ్ళలోకి ఇంకొంచెం దిగింది.

ఆ మిషన్లు పెనుకొండ హైస్కూలుకు వచ్చి ఏడాది దాటింది. నాగరాజు పనిచేసే బెంగుళూరు కంపెనీ ఇచ్చింది. ఒక్కో పిల్లకు ఒక్కో పేరు, ఒక్కో వరస. లెక్క సరిగా చేస్తే ఇంకా కష్టమైన లెక్క ఇస్తుంది. తప్పు చేస్తే దాన్నే ముక్కలు చేసి, మెల్లగా మళ్ళీ అడుగుతుంది. ఎవరికి ఎంత వచ్చో అదే కనిపెట్టి పిల్లలను మూడు గుంపులు చేస్తుంది. మొదటి గుంపులో ముందున్న ఆడపిల్లను హిందూపురం హాస్టల్లో పెట్టుకుని కంపెనీవాళ్ళే చదివిస్తారు. మూడో గుంపు పిల్లలు ఏం కావాలో మిషను చెప్పలేదు. అది ఇళ్ళలో పెద్దవాళ్ళే తేల్చుకుంటున్నారు.

"ఏమప్పా నాగరాజూ," అన్నది అవ్వ, వక్కాకు దవడ మార్చుకుని. "నిన్న మొన్న వచ్చిన పెట్టె. నా మనవరాలి సంగతి దానికేం తెల్సు?"

"అది ఉత్త పెట్టె కాదత్తా. దానికి బుర్ర ఉండాది. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అంటారు. మనిషి మాదిరే ఆలోచన చేస్తాది. మనిషికుండే పక్షపాతం మాత్రం ఉండదు. భూమున్నోళ్ళ బిడ్డా, కూలోళ్ళ బిడ్డా అని చూడదు."

"మనిషి మాదిరి ఆలోచన చేస్తే మనిషి మాదిరి తిండి గూడా తింటాదా యేమి?" అన్నది పాపమ్మ.

"కరెంటు తింటాది అత్తా," అన్నది స్వప్న, రిబ్బను పళ్ళలోంచి తియ్యకుండానే.

కొండప్పకు నవ్వు రాలేదు. ఆయన మొదటిసారి బియ్యం డబ్బా వైపు తిరిగాడు.

"ఏమ్మా. నీకు నిజంగా లెక్కలు రావా?"

నీలావతికి సమాధానం తెలుసు. వారం నుంచి అది గొంతులో ఎముక ముక్కలాగా ఉంది. చెప్పాలంటే ఆ రోజుల సంగతి చెప్పాలి. నాయన ముందు, మామ ముందు ఆ మాట ఎత్తాలి. ఆమెకు తరగతిలో "ప్రెజెంట్" అనడానికే గొంతు రాదు.

"దానికేమొస్తాయి, నోరే రాదు," అన్నది పాపమ్మ. "నన్నెవురు అడిగినారప్పా? ఐదో తరగతిలో ఉంటి. ఏ మిషనూ చెప్పల్యా. మా నాయన చెప్పె, మగ్గం కాడ కూచుంటి. దీనికి మిషనన్నా చెప్పింది."

"అక్కకు రాకపోయేదేంది?" స్వప్న రిబ్బను చేతిలోకి తీసుకుంది. "నొక్కింది నేను కదా."

 పొయ్యిలో కట్టె చిటపటమన్నది.

"యేమంటివి?" అన్నాడు నాగరాజు.

స్వప్న అక్క మొహం చూసింది. నీలావతి తల అడ్డంగా ఊపుతూనే ఉంది. కానీ స్వప్నకు మాట సగంలో ఆపడం చేతకాదు.

"అక్క గుడిసెలో కూచున్నప్పుడు. ఎస్తేరు టీచరు నన్ను ఆరో తరగతిలోనుంచి పిలిచి అక్క కుర్చీలో కూచోమనింది. ఖాళీగా ఉంటే అక్క పేరు కొట్టేస్తాదంట. నాకా లెక్కలు తెల్దు. తప్పు నొక్కితే తెర మీద చిలక రెక్కలు కొట్టుకుంటా కింద పడతాది మామా. భలే ఉంటాది. అందుకే తప్పే నొక్కుతాంటి."

నాగరాజు చేతిలోని ముద్ద కంచంలో పడింది.

ఆ గుడిసె కట్టింది నాగరాజే. మేనమామ కాబట్టి అతనే వెళ్ళి పచ్చి కొబ్బరి మట్టలు నరికించుకుని వచ్చి, చావిట్లో మూలన గుడిసె వేశాడు. బెల్లం, కొబ్బరి, నువ్వుల ఉండలు తెచ్చింది అతనే. నీలావతి ఆ మట్టల చాటున, మొహం కూడా చూపకుండా కూర్చుని ఉందని అతనికి తెలుసు. అదే నాగరాజు హిందూపురం వెళ్ళి, తెర మీద నీలావతి పేరు దినదినం కిందికి దిగడం చూసి, పిల్ల బుర్ర చెడిపోతోందని అనుకున్నాడు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని అతనికి తట్టనే లేదు.

"అయితే తేలిపాయె కదప్పా," కొండప్ప మంచం మీంచి కాలు దించాడు. "పోయి చెప్పు. ఆ దినాల్లో నొక్కింది మా నీల కాదు, చిన్నది అని చెప్పు."

"ఎవురికి చెప్పల్ల బావా?"

"మీ సార్లకు."

"చెప్తే యేమంటారు? అసలు పిల్ల యెవురో, బదులు పిల్ల యెవురో మన మిషన్‌కు తెల్దా అంటారు. ఇన్ని బళ్ళల్లో పెట్టినాము. అన్నీ పెరక్కపోతారు. ఈ దినమే బెంగుళూరు మేడం వస్తాండాది చూసేదానికి." నాగరాజు చెయ్యి కడుక్కోవడం మరిచి లేచి నిలబడ్డాడు. "ఆయమ్మ ఎస్తేరు టీచర్‌కు బుద్ధి ఉండల్ల. ఇంగొగరిని కూచోబెట్టమని ఎవురు చెప్పినారు?"

"నువ్వే కదా మామా," అన్నది స్వప్న. "ఏ కుర్చీ ఖాళీగా ఉండకూడదు, మాకు అగుపడతాది అని టీచర్లను గద్దించి పోతివి కదా."

"గమ్మునుండు!" అని అరిచాడు నాగరాజు. ఇంట్లో ఎప్పుడూ పిల్లల మీద అరవని మనిషి.

సోమక్క ఇటు తిరిగింది. "నా బిడ్డ మీద యేల అరుస్తావు నాగా? నిజం చెప్పిందనా?"

"చెప్పేదానికి ఒగ దారి ఉండల్ల కదక్కా. ఏ కారణంతో రాలేదు అని అడుగుతారు. నేనేమని చెప్పల్ల? నలుగురు మగోళ్ళు కూచున్న ఆఫీసులో..."

"నోరు మూయండి!" అవ్వ గోడకు ఆనుకున్న వీపు నిటారుగా చేసింది. అంతవరకు మిషన్ను తప్పుపట్టిన మనిషి. "నా మనవరాలు బయట కూచున్న సంగతి బెంగుళూరు దాకా పోవల్లనా? రేపు దానికి సంబంధాలు రావల్ల. మూడో గుంపో, ముప్పయ్యో గుంపో. ఆ మాట మాత్రం ఇంటి గడప దాటకూడదు. చెప్తాండా."

కొండప్ప తల్లి మొహం చూశాడు. బావమరిది మొహం చూశాడు. మళ్ళీ మంచం మీదికి కాలు మడుచుకున్నాడు. ఆయన ఏదైనా అంటాడని నీలావతి ఎదురుచూసింది.

"నేను పోవల్ల. మేడం జీపు వచ్చే యాళ్ళైంది," అంటూ నాగరాజు చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. తిన్న కంచం అక్కడే ఉంది. నీలావతి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

సోమక్క కంచం తీసింది. గిన్నెలు కడిగినట్టు చప్పుడు చేసింది. కాసేపటికి రెండు గిన్నెల క్యారియర్‌లో అన్నం, పప్పు సర్ది, కొక్కెం బిగించి, బియ్యం డబ్బా దగ్గరికి వచ్చింది.

"మీ మామ మద్యాన్నానికి యేమీ తీసకపోల్యా. ఇచ్చిరా."

"పెనుకొండలో హోటళ్ళు ల్యావా?" అన్నది పాపమ్మ. "బస్సు పోతాది సోమా."

"అడ్డదావలో పోయి వస్తాది వదినా. నా తమ్మునికి హోటల్ తిండి పడదు."

సోమక్క కూతురిని గడప దాటించి, జామచెట్టు దాకా వచ్చింది. అక్కడ క్యారియర్ చేతిలో పెట్టి, కొంగు సరిచేసి, చెవి దగ్గరికి వంగింది.

"మీ నాయన చెప్పడు. మీ అవ్వ చెప్పనీదు. నీ నోరు నీకుండాది. బస్సు వచ్చేలోపల అది తెరిచి రా, పో."

*

ఆ రోజు మూడో గుంపు పిల్లలను బడికి రావద్దన్నారు. మేడం వచ్చినప్పుడు అన్నీ వచ్చిన పిల్లలే కనిపించాలని హెడ్మాస్టరు ముందురోజు ప్రార్థనలో చెప్పారు. ఆ మాట అంత మెత్తగా చెప్పలేదు.

అందుకని నీలావతి గేటు దగ్గర ఆగిపోయింది. లోపల మొదటి గుంపు పిల్లలు కొత్త రిబ్బన్లు కట్టుకుని వరండాలో వరసగా నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు హేమలత. హాస్టల్ సీటు ఇప్పుడు హేమలతదే. మంచిదే ఆ పిల్ల. నీలావతికి పెన్సిలు ఇచ్చేది. ఒక్కరోజు కూడా బడి మానలేదు. వాళ్ళకు నీళ్ళున్న పొలాలు. శెనక్కాయ పీకడానికి కూలోళ్ళను పిలిపిస్తారు.

వరస చివర ఎస్తేరు టీచరు ఒక పిల్ల కాలరు సరిచేస్తోంది. నీలావతిని చూసి గబగబా గేటు దగ్గరికి వచ్చింది.

"ఈరోజు మిమ్మల్ని రావద్దన్నాం కదా పాపా."

"మామకు అన్నం..." అన్నది నీలావతి. అక్కడితో ఆగిపోతే ఆగిపోయేది.  అయినా ఎలాగో ఇంకో మాట తోసుకుని వచ్చింది. "టీచర్. ఆ దినాల్లో నొక్కింది నేను కాదు. మీకు తెల్సు."

ఎస్తేరు టీచరు వెనక్కి చూసి, ఆమెను గేటు పక్కన గోడ చాటుకు తీసుకెళ్ళింది.

"తెలుసు."

"చెప్పండి టీచర్. మీరు చెప్తే నమ్ముతారు."

ఎస్తేరు టీచరు నవ్వింది. ఏడుపు వచ్చేటప్పుడు ఆపుకోవడానికి నవ్వే నవ్వు అది.

"నేను చెప్తే ఎవరు నమ్ముతారు? నువ్వు రెండేళ్ళు నా తరగతిలో చివరి బెంచీలో కూర్చున్నావు. నీ గొంతు ఎట్లుంటుందో నాకు తెలీదు. ఒక్క మాట అడిగితే తల వంచుకునేదానివి. ఈ పిల్లకేమీ రాదని నేనే అనుకున్నా. ఆ మిషన్ వచ్చాక కదా తెలిసింది, తరగతిలో అందరికంటే ముందున్నది నువ్వని. నేను కనిపెట్టలేనిది అది కనిపెట్టింది. హెడ్మాస్టరు ముందు నిలబడి, మిషన్ చెప్పింది సార్, నీలావతే ఫస్టు అని గొంతు చించుకున్నది నేనే. ఇప్పుడు అదే నోటితో మిషన్ తప్పు అని ఎట్లనాలి?"

నీలావతికి అది నిజమని తెలుసు. మిషను ముందు కూర్చుంటే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. నోరు విప్పక్కర్లేదు. తప్పు చేస్తే ఎవరూ నవ్వరు. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. ఆ గదిలో ఉన్నంతసేపు ఆమెకు సిగ్గు ఉండేది కాదు.

"నిజం చెప్తే మీ ఉద్యోగం పోతాదా టీచర్?"



"మా ఆయన జోసెఫ్ సారు ఇంట్లో పక్షవాతంతో పడి ఉన్నాడు. నీకు తెలుసు కదా." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "అదొక్కటే కాదు పాపా. నీ ఒక్క కుర్చీ అయితే చెప్పేద్దును. శెనక్కాయ పీకే రోజుల్లో సగం తరగతి రాలేదు. ఆ కుర్చీలన్నిట్లో కూడా ఎవరినో ఒకరిని కూచోబెట్టినాం. వాళ్ళంతా ఈరోజు యాడుండారు? మూడో గుంపులో. పొలం పనికి పోని పిల్లలంతా మొదటి గుంపులో. చూడు ఆ వరస."

నీలావతి గోడ మీంచి చూసింది. వరండాలో వరసగా నిలబడ్డ పిల్లల్లో ఒక్కరి కాళ్ళకు కూడా పగుళ్ళు లేవు.

"మరి నాకు దారి ల్యాదా?"

"ఉంది. మీ మామ చేతిలో ఉంది." ఎస్తేరు టీచరు గొంతు తగ్గించింది. "ఒకసారి మూడో గుంపులో పడితే ఆ వరస తనంతట తను పైకి రానీదు. పాత వరస తీసేసి పిల్లను మళ్ళీ మొదట్నుంచి కూచోబెట్టొచ్చు. దానికి మాకు అధికారం లేదు. కంపెనీ మనిషి పాస్‌వర్డ్ కొట్టాలి. ఎందుకు అని చెప్పక్కర్లేదు. ఎవరినీ అడగక్కర్లేదు. ఆయన ఒక్కడు అనుకుంటే చాలు. పో, కంప్యూటర్ రూములో ఒక్కడే ఉన్నాడు. జీపు రాకముందే పో."

*

కంప్యూటర్ గదిలో కిటికీలకు నీలి పరదాలు వేసి ఉన్నాయి. నాగరాజు మెత్తటి గుడ్డతో తెరలు తుడుస్తున్నాడు. నీలావతిని చూసి గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగింది.

"అమ్మ అన్నం పంపింది."

"ఆడ పెట్టు."

నీలావతి పెట్టలేదు. చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"మామా. నన్ను మళ్ళా మొదట్నుంచి కూచోబెట్టు."

నాగరాజు గుమ్మం వైపు చూశాడు. "ఎవురు నేర్పించినారు ఈ మాట? టీచరమ్మా?"

"నేనే అడుగుతాండా. ఆ సంగతి ఎవురికీ చెప్పద్దులే. బెంగుళూరు మేడంకు చెప్పద్దు. కూచోబెడితే సాలు. నాకొస్తే వస్తాది, రాకుంటే అత్తతో పోతా."

నాగరాజుకు ఆమె అన్ని మాటలు ఒక్కసారే మాట్లాడగా వినడం అదే మొదలు. అతని మొహం కొంచెం మెత్తబడింది. ఆమెను చంకనెత్తుకుని హిందూపురం సంతకు తీసుకెళ్ళిన మామ మొహం అది.

"నీకు తెల్దు పాపా. పదో తరగతి తప్పినోన్ని. ఈ కంపెనీవాళ్ళు నన్ను నమ్మి బిళ్ళ ఇచ్చినారు. మా ఆవిడ పుట్టింటోళ్ళు ఇప్పుడిప్పుడే మర్యాదగా పిలుస్తాండారు."

"కూచోబెట్టు మామా."

అతను ఇంకోసారి గుమ్మం వైపు చూసి, కిటికీ పక్కన మూలనున్న మిషను ముందు కూర్చున్నాడు. వేళ్ళు ఏదో కొట్టాయి. లేచి, కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"బిరీన. జీపు వచ్చేలోపల ఎంతవరకు పోతే అంతవరకు. అది ఒక్కొక్క మెట్టే ఎక్కిస్తాది."

నీలావతి క్యారియర్ కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. తెర మీద ఆమె పేరు వచ్చింది. దాని కింద మామిడిపళ్ళు లెక్కపెట్టమని అడిగింది. చిన్నపిల్లల లెక్క. ఆమె చేసింది. కూడిక ఇచ్చింది. చేసింది. భాగహారం, భిన్నాలు. వేళ్ళు వాటంతట అవే కదులుతున్నాయి. చిలక ఒక్కసారి కూడా కింద పడలేదు. శాతాలు వచ్చాయి. వడ్డీ లెక్క వచ్చింది. రెండు బస్సులు ఎదురెదురుగా వచ్చే లెక్క వచ్చింది.

వెనక నాగరాజు ఊపిరి బిగబట్టడం ఆమెకు వినిపించింది.

"నీకు ఇయ్యన్నీ వస్తాయా?" అన్నాడు మెల్లగా. అడిగినట్టు లేదు. ఎవరో తనను కొట్టినట్టు ఉంది.

ఆమె జవాబు నొక్కింది. ఇంకొక్క మెట్టు ఎక్కితే రెండో గుంపు. ఆ లెక్క అప్పుడే తెర మీదికి వస్తోంది.

బయట జీపు ఆగింది. పిల్లలు ఒక్క గొంతుతో "గుడ్ మార్నింగ్ మేడం" అన్నారు.

నాగరాజు ఆమె భుజం మీంచి చెయ్యి చాచి తెర ఆర్పేశాడు.

"మామా! ఇంకొక్కటే..."

"లెయ్. లెయ్ పాపా, లెయ్." అతను క్యారియర్ తీసి బల్ల కింద తోసి, ఆమె రెక్క పట్టుకుని గుమ్మం దాకా లాక్కొచ్చాడు. అప్పటికే వరండా మలుపులో హెడ్మాస్టరు, ఆయన పక్కన కళ్ళజోడు పెట్టుకున్న నూలు చీర ఆవిడ కనిపించారు. వాళ్ళ వెనక ఎస్తేరు టీచరు.

బెంగుళూరు మేడం అంటే నీలావతి ఎవరో అనుకుంది. ఆవిడ పేరు కమలాక్షి. నీలావతి అమ్మ వయసు మనిషిలా ఉంది. తలలో కనకాంబరాలు పెట్టుకుంది.

"ఏను పుట్టీ, నిన్న హెసరేను?" అన్నది కన్నడంలో, నీలావతి మొహంలోకి వంగి.

పేరు అడుగుతోందని నీలావతికి తెలుసు. మామ ఇంటికి వెళ్ళినప్పుడల్లా హిందూపురం వీధిలో వినే మాటే.

"నీలావతి."

"చందాగిదె. మంచి పేరు. ఏ గ్రూపు నువ్వు?"

నీలావతి మామ వైపు చూసింది. హెడ్మాస్టరు కూడా నాగరాజు వైపే చూశారు. మూడో గుంపు పిల్ల బడిలో ఎందుకుందని ఆ చూపులో ఉంది.

"మూడో గుంపు మేడం," అన్నాడు నాగరాజు. "ఎవురో పాప. అన్నం క్యారియర్ ఇచ్చిపోయేదానికి వచ్చింది. మీరు లోపలికి రండి."

ఎవురో పాప.

నీలావతికి ఆ మాట మొదట అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. ఆమె ఎస్తేరు టీచరును చూసింది. టీచరు వరండా నేలను చూస్తోంది.

కమలాక్షి మేడం గదిలోకి అడుగుపెట్టి, మిషన్లను ఒకసారి కలయజూసి, అంతలోనే నాగరాజు వైపు తిరిగింది.

"నాకు ఒక సందేహం ఉందప్పా. ఒక మగువు... ఒక పిల్ల బదులు ఇంకో పిల్ల వచ్చి కూచుంటే? మన మిషన్‌కి తెలుస్తుందా? ఎక్కడైనా అలా జరిగిందా?"

 హెడ్మాస్టరు దగ్గారు. ఎస్తేరు టీచరు తల ఎత్తింది. పెదవులు కదిలాయి. మళ్ళీ మూసుకున్నాయి.

"ల్యాదు మేడం," అన్నాడు నాగరాజు. "అట్ల జరగదు."

నీలావతి ఇంకా గుమ్మం బయటే ఉంది. ఆమె కాళ్ళు వెనక్కి వెళ్ళమంటున్నాయి.  మేడం తలలోని కనకాంబరాల వైపు చూస్తూ, ఆడమనిషి కదా, ఆడమనిషి కదా అని లోపల్లోపలే రెండుసార్లు అనుకుంది.

"జరిగింది మేడం."

అంతే అన్నది. ఎంత గట్టిగా అన్నదో ఆమెకు తెలీదు. తన చెవికి మాత్రం గుడి గంట కొట్టినట్టు వినిపించింది. మేడం తల కొంచెం ఇటు తిరిగినట్టనిపించింది. విని తిరిగిందో, ఊరికే తిరిగిందో తెలీలేదు.

నాగరాజు రెండు అంగల్లో గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఈసారి మేనకోడలి కళ్ళలోకే చూశాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

"దుమ్ము మేడం, మిషన్లకు పడదు," అని లోపలికి చెప్తూ, నీలావతి మొహం మీదనే తలుపు మూసేశాడు.